దిగి అడుగు

జూన్ 2, సోమవారం
కాటా గది

చిన్నోడా,

నువ్వు నిచ్చెన మీంచి పడ్డావని, కాలికి పిండికట్టు వేశారని కళ్ళద్దాల డ్రైవరు చెప్పాడు. హోటల్ గోడకి వైఫై డబ్బా బిగించబోయి పడ్డావట. చూసుకోవద్దా. మరదల్ని ఎక్కువ తిప్పుకోకు, మంచినీళ్ళయినా నువ్వే తీసుకునేలా మంచం పక్కన పెట్టించుకో.

నేను బాగానే ఉన్నాను. బాగానే అంటే, లేస్తున్నాను, కాటా గది తాళం తీస్తున్నాను, క్వారీ లారీ వచ్చి ఎక్కితే బరువు చూస్తున్నాను, చీటీ ఇస్తున్నాను, సాయంత్రం తాళం వేస్తున్నాను. మీ బావ కుర్చీ అలాగే ఉంది. దాని మీద చీటీల కట్టలు పెట్టుకున్నాను. మీ బావ పోయి నాలుగు నెలలైనా ఒక్క చుక్క రాలేదేంటని పరామర్శకి వచ్చినవాళ్ళు ముఖంలోకి చూస్తున్నారు. రావడం లేదు. ఏం చెయ్యను.

అసలు సంగతికొస్తాను. రోడ్డు వెడల్పు చేస్తూ మిషను మన కేబులు తెంపేసింది. మీ ఒక్కళ్ళకోసం ఇంత దూరం మళ్ళీ వెయ్యలేమని కేబులువాళ్ళు చేతులెత్తేశారు. ఈ లోయలో ఫోను సిగ్నలు ఎప్పుడూ లేదని నీకు తెలుసు. దాంతో క్వారీ మేనేజరు ఉపగ్రహం ఇంటర్నెట్టు పంపించాడు. ఒక తెల్లటి పళ్ళెం, దానికో డబ్బా. ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి. ఇరవయ్యో తారీకున ఒక మనిషి వస్తాడట, పాత డబ్బా పీకేసి ఈ కొత్తది పెట్టి వెళ్తాడట.

నాకది వద్దు. పళ్ళెం పెట్టుకోనీ, కాదనను. డబ్బా మాత్రం మీ బావ పెట్టిందే ఉండాలి. వేరే కంపెనీ డబ్బా కూడా తగిలించుకోవచ్చని అట్టపెట్టె మీద రాసుందని డ్రైవరు చదివి చెప్పాడు. ఎలాగో రాయి. ఆ మనిషి వచ్చేలోపే నేను పెట్టేసుకోవాలి.

రోజూ మీ వీధి మీదుగానే వెళ్తాడు కాబట్టి ఉత్తరం డ్రైవరు చేతికే ఇయ్యి.

అక్క


జూన్ 4, బుధవారం
మంచం మీంచి

అక్కా,

నీ ఉత్తరం డ్రైవరు నేరుగా నా పొట్ట మీద పెట్టి వెళ్ళాడు. నా కాలు నా కన్నా బరువుగా ఉంది. నీ కాటా ఎక్కిస్తే అదనపు లోడని చీటీ రాసేదానివి. మీ మరదలు ఇప్పటికే విసిగిపోయింది. గంట మోగిస్తే వస్తానంది కదా అని గిన్నె మీద గరిటెతో కొడుతున్నాను. నిన్న గరిటె దాచేసింది.

నీ డబ్బా విషయం. అక్కా, నా మాట విని ఆ పాతదాన్ని అటకెక్కించు. దాని వయసెంతో తెలుసా? ఈ రోజుల్లో అలాంటిది పాత సామాన్లవాడు కూడా తీసుకోడు. ఉపగ్రహం వాళ్ళిచ్చిన డబ్బా బంగారంలా పనిచేస్తుంది. తీగ తగిలించు, కరెంటు పెట్టు, అయిపోయింది. మేనేజరు మనిషి రానక్కర్లేదు కూడా. రెండూ కలిపి నడపాలంటే అదో తద్దినం. ఒక గదిలో ఇద్దరు పెత్తందార్లన్నమాట, నేను చెప్పిందే వినాలని ఇద్దరూ అంటారు. నీ పాత డబ్బా పెద్దాయన, ఈ కొత్తదేమో కొత్తల్లుడు. ఇద్దరికీ నువ్వు మధ్యవర్తిత్వం చెయ్యలేవు.

దాన్ని పారెయ్యడానికి మనసొప్పకపోతే అది వేరే సంగతి. చిల్లు పడ్డ గొడుగు కూడా పారెయ్యని మనిషివి నువ్వు. కానీ ఈసారి వదిలెయ్.

తిన్నావా, నిద్రపోతున్నావా అని రాయమంటోంది మీ మరదలు. నేను రాశాను.

ఒంటికాలి తమ్ముడు


జూన్ 6, శుక్రవారం
కాటా గది

తమ్ముడికి,

పొదుపు కోసం అడుగుతున్నాననుకున్నావు. ఎందుకని అడగలేదు. డ్రైవరు కూడా అడిగాడు, నువ్వు అడగలేదు.

మీ బావ ఈ డబ్బాకి పెట్టిన పేరు నీకు గుర్తుందో లేదో. లారీవాళ్ళు బండి దిగకుండా కిటికీలోంచి తల పెట్టి, వైఫై ఏది, పాస్‌వర్డేంటి అని అరుస్తుంటే విసుగొచ్చి, ‘దిగి అడుగు’ అని పెట్టారు. ఇంగ్లీషు అక్షరాలతో, రెండు మాటల మధ్య కాస్త ఖాళీ వదిలి. ఫోను తెరిస్తే వరసలో ఆ పేరు కనబడుతుంది. కేబులు తెగి ఇంటర్నెట్టు లేకపోయినా, డబ్బాకి ఎర్ర లైటు వెలుగుతున్నా, పేరు మాత్రం వస్తోంది. పొద్దున్నే గది తాళం తియ్యగానే చూస్తాను. ఉంటుంది. ఆయన బట్టలు ఇచ్చేశాను, చెప్పులు ఇచ్చేశాను, పెద్ద బాధేం అనిపించలేదు. బట్టలు అందరికీ ఉంటాయి. ఆ పేరు మటుకు ఆయన కూర్చుని, నవ్వుకుంటూ, వేలితో కొట్టింది. కొత్త డబ్బా పెడితే అది పోతుంది.

అంతకన్నా కారణం లేదు. నీకు వీలు కాకపోతే చెప్పు, ఇంకెవరినైనా అడుగుతాను.

గొడుగు పారేశాను. నీకు తెలీదు.

అక్క


జూన్ 8, ఆదివారం
మంచం మీంచి

అక్కా,

తిట్టినా బాగుండేది. నువ్వు తిట్టకుండా రాసిన ఉత్తరం చదవడం కష్టంగా ఉంది. నాకు తెలీలేదు. మీ మరదలు చదివి, నీకు బుర్ర ఉందా అంది. గరిటె మాత్రం ఇవ్వలేదు.

సరే, పెద్దాయన్ని కదిలించేది లేదు. పేరూ పోదు, నాదీ పూచీ. జాగ్రత్తగా విను.

ముందు పళ్ళెం. గది కప్పు మీద, ఆకాశం ధారాళంగా కనబడేచోట పెట్టించు. క్వారీ వైపు వద్దు, దుమ్ము. దాని తీగ కిందికి లాగి కొత్తల్లుడి వెనక గుచ్చండి. కరెంటు పెట్టండి. కంపెనీవాళ్ళ యాప్ ఒకటుంటుంది, అది మేనేజరు ఆఫీసు వైఫైలో నీ ఫోనులో వేయించుకుని తెచ్చుకో. కొత్తల్లుడికి ఏదో పేరు పెట్టమంటుంది, ఏదో ఒకటి పెట్టు, అది తాత్కాలికం. కాసేపటికి ఇంటర్నెట్టు వచ్చిందని యాప్ చెప్తుంది.

అప్పుడు కొత్తల్లుడి వెనక కేబులు గుచ్చే కన్నం ఉందా చూడు. ఉంటే మంచిదే. లేకపోతే విడిగా ఒక చిన్న ముక్క కొనాలి, అడాప్టర్ అంటారు, రాస్తే డ్రైవరు చేతికిచ్చి పంపిస్తాను. ఆ కన్నంలోంచి పెద్దాయన వెనక విడిగా వేరే రంగులో ఉండే కన్నంలోకి ఒక పొట్టి కేబులు. ఇంతకుముందు కేబులువాళ్ళ తీగ ఉన్నది అందులోనే.

చివరిది అసలు కిటుకు. ఇద్దరూ ఒకే పని చెయ్యకూడదు కదా. అందుకని కొత్తల్లుడు నోరు మూసుకుని, పైనుంచి వచ్చిందాన్ని పెద్దాయనకి అందించి ఊరుకోవాలి. దాన్నే బైపాస్ అంటారు. యాప్‌లో సెట్టింగుల్లోకి వెళ్ళి బైపాస్ నొక్కు. భయపడకు, చాలా మామూలు విషయం, అందరూ చేయించుకుంటారు, అయిదు నిమిషాల్లో అయిపోతుంది.

మిగతాది ఇక్కడిదాకా వచ్చాక.

తమ్ముడు


జూన్ 11, బుధవారం
కాటా గది

తమ్ముడికి,

పళ్ళెం ఎక్కించాం. కళ్ళద్దాల డ్రైవరు నిచ్చెన ఎక్కాడు, నేను కింద పట్టుకున్నాను. నీలాగా పడకుండా దిగాడు. పళ్ళెం తనంతట తాను కాస్త ఒరిగి ఆకాశం వైపు తిరిగింది. దాన్ని చూస్తూ ఉండిపోయాను, లారీ వచ్చి హారన్ కొట్టేదాకా.

కన్నం ఉంది. అడాప్టర్ అక్కర్లేదు. కేబులు గుచ్చాను.

నీ ఉత్తరం చివర్లో చెప్పింది చెయ్యలేదు. బైపాస్ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మామూలు విషయం, అందరూ చేయించుకుంటారు అని ఆసుపత్రిలో డాక్టరు కూడా ఇవే మాటలన్నాడు. ఆపరేషనయిన మూడోనాడు పోయారు. నువ్వు కావాలని రాయలేదని తెలుసు. కోపం లేదు. ఏమీ లేదు, అదే చెప్తున్నాను. కాగితం మడిచి సొరుగులో పెట్టి, వరసగా వచ్చిన లారీలకి బరువు చూశాను. ఒకదానికి ఖాళీ బండి బరువు తీసెయ్యడం మర్చిపోయాను, డ్రైవరే చెప్పాడు.

ఆ మాట లేకుండా చెప్పగలిగితే చెప్పు.

కొత్త డబ్బా వైఫై ఫోనుకి తగలగానే టింగు టింగుమని మెసేజులు పడ్డాయి. నీవి కూడా ఉన్నాయి. తెరవలేదు. ఫోను కూడా చెయ్యకు. గొంతు వింటే నన్ను ఓదారుస్తావు, నేను సరే సరే అనాలి. ఉత్తరమే నయం.

తాళం వేసే వేళయింది.

అక్క


జూన్ 12, గురువారం
మంచం మీంచి

అక్కా,

ఆ మాట రాసినందుకు నా చెయ్యి విరగాల్సింది, కాలు విరిగింది. మా పనిలో రోజుకి పదిసార్లు అనే మాట, చెవికి ఎక్కడం మానేసింది. ఇకమీదట నేను ‘పక్కకి తప్పుకోవడం’ అంటాను. కానీ ముందే చెప్తున్నాను, యాప్‌లో మాత్రం ఆ మాటే ఉంటుంది, ఇంగ్లీషులో. అది నా చేతిలో లేదు. నువ్వు చూడలేకపోతే డ్రైవర్ని నొక్కమను.

అది నొక్కగానే కొత్తల్లుడి వైఫై మాయమైపోతుంది. కంగారు పడకు, అలాగే ఉండాలి. ఆ తర్వాత పెద్దాయన సంగతి. ఆయన ఇంకా పాత కేబులువాళ్ళ కోసమే ఎదురు చూస్తుంటాడు, వాళ్ళ యూజర్ నేమూ అదీ పట్టుకుని. ఇక వాళ్ళు రారు, ఎవరొస్తే వాళ్ళని రానివ్వమని చెప్పాలి. నీ ఫోను ‘దిగి అడుగు’కే తగిలించి, ఆయన పొట్ట కింద స్టిక్కరు మీద ఉన్న నెంబరు బ్రౌజర్లో కొడితే ఆయన సెట్టింగులు తెరుచుకుంటాయి. అక్కడ ‘ఆటోమేటిక్’ అని పెట్టు. అంతే. పేరు జోలికి వెళ్ళకు.

ఒక్కొక్కసారి ఈ తప్పుకోవడం దగ్గర పేచీ పెడతారు. మనవాడు మొండికేసి, లైటు అలాగే ఉండిపోయి, ఎంతసేపైనా కదలకపోతే, వెనక చిన్న బొక్క ఉంటుంది చూడు, అందులో పిన్ను పెట్టి లైట్లన్నీ ఆరి వెలిగేదాకా నొక్కిపట్టు. రీసెట్ అయిపోతాడు. బుద్ధొస్తుంది. మళ్ళీ మొదట్నుంచి చేసుకోవచ్చు.

ఇంకా ఎనిమిది రోజులుంది. అవుతుంది, నువ్వేం దిగులు పడకు.

తమ్ముడు


జూన్ 14, శనివారం
కాటా గది

తమ్ముడికి,

ఆ మాట నేనే నొక్కాను. డ్రైవర్ని అడగలేదు. నిజంగానా అని ఇంకోసారి అడిగింది, అవునని నొక్కాను. ఆసుపత్రిలో కూడా కాగితం మీద సంతకం నేనే పెట్టాను.

కొత్త డబ్బా వైఫై పోయింది, నువ్వు చెప్పినట్టే. పెద్దాయన దగ్గర సెట్టింగులు తెరవబోతే స్టిక్కరు మీద అక్షరాలు చెరిగిపోయి ఒక నెంబరు తప్పు కొట్టినట్టున్నాను, తెరుచుకోలేదు. ఎర్ర లైటు అలాగే ఉంది. సాయంత్రందాకా చూశాను. మనవాడు మొండికేస్తే పిన్ను పెట్టమన్నావు. చీటీలకి గుచ్చే పిన్ను తీసి పెట్టాను. లైట్లన్నీ ఆరాయి. మళ్ళీ వెలిగాయి.

ఫోనులో చూస్తే ఆ పేరు లేదు. దాని చోట కంపెనీ పేరు, వెనక ఏవో అంకెలు.

కెమెరాలు ఆగిపోయాయి, ప్రింటరు కూడా. చీటీలు చేత్తో రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను.

అక్క


జూన్ 15, ఆదివారం
మంచం మీంచి

అక్కా,

ఉత్తరం చదివి మంచం దిగబోయాను, మీ మరదలు పట్టుకుంది.

నేను మనవాడన్నది కొత్తల్లుణ్ణి అక్కా. తప్పుకోవడం వాడి పని కదా, పేచీ పెట్టేదీ వాడే కదా అని. ఎవడి గురించి మాట్లాడుతుంటే వాణ్ణి మనవాడంటాం చూడు, దొంగ గురించి చెప్తూ కూడా ‘అప్పుడు మనవాడేం చేశాడంటే’ అంటాం, ఆ వరసలో అనేశాను. నువ్వు మనవాడంటే మనవాడే అనుకున్నావు. నీ తప్పు ఏముంది. ఆ ఇంట్లో మనవాడు ఇంకెవడున్నాడు.

కానీ అంతా పోలేదు, విను. పేరు మళ్ళీ కొట్టుకోవచ్చు. నీకు పేరు అక్షరం అక్షరం తెలుసు. ఒక లాభం కూడా జరిగింది, రీసెట్ అయ్యాడు కాబట్టి పాత కేబులువాళ్ళని మర్చిపోయి ఉంటాడు, ఇంటర్నెట్టు దానంతటదే పట్టుకుంటాడు.

మిగిలిందల్లా పాస్‌వర్డు. పేరూ పాస్‌వర్డూ పొల్లు పోకుండా పాతవే ఇస్తే, స్తంభం మీద కెమెరాలు, ప్రింటరు, కాటా కంప్యూటరు, అన్నీ ఏమీ జరగనట్టు వచ్చి తగులుకుంటాయి. ఒక్క అక్షరం తేడా వచ్చినా రావు. అప్పుడు ఒక్కోదాన్నీ విప్పి కొత్తగా చెప్పుకోవాలి, ఇరవయ్యిన ఆ మనిషి వచ్చి కెమెరాలు పనిచెయ్యడం లేదని చూస్తే, మొత్తం పీకి కొత్తది పెడతాడు. అన్నీ పనిచేస్తుంటే ముట్టుకోడు.

కాబట్టి పాస్‌వర్డ్ చెప్పు. నాకు తెలీదు. నేను వచ్చిన ప్రతిసారీ బావనడిగితే ‘మీ అక్కనడుగు’ అనేవాడు. నిన్నడిగితే తెలీదనేదానివి. తర్వాత నవ్వుతూ నా ఫోను లాక్కుని తనే కొట్టేవాడు. మీరిద్దరూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు ఆట కాదు కదా అక్కా, చెప్పు.

తమ్ముడు


జూన్ 16, సోమవారం
కాటా గది

తమ్ముడికి,

నాకు తెలీదు.

ఆటేమీ లేదు. నిజంగానే తెలీదు. నువ్వొక్కడివే అనుకున్నావా? ఈ కాటా ఎక్కిన ప్రతి డ్రైవరూ నన్ను అక్కా అనే పిలుస్తాడు. ఎవడు దిగొచ్చి అడిగినా ‘మీ అక్కనడుగు’ అనేవారు. వాడు ఇటు తిరిగి, అక్కా పాస్‌వర్డేంటి అనేవాడు. నేను తెలీదనేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. తర్వాత ఆయనే కొట్టిచ్చేవారు. నాకు చదువు రాదని, ఫోను రాదని పదిమందిలో వేళాకోళం చేస్తున్నారనిపించేది. బండి నెంబర్లు రాసే చెయ్యి నాది, ఇంగ్లీషు అక్షరాలు నాకు రావా.

ఒకసారి ఇంటికొచ్చాక గట్టిగానే అడిగాను. నాకు చెప్పొచ్చు కదా, వాళ్ళ ముందు నన్నెందుకు నిలబెడతారని. ‘రోజూ చెప్తూనే ఉన్నాగా’ అన్నారు. అని ఒకటే నవ్వు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. ఆసుపత్రిలో కూడా అడగలేదు, అప్పుడు అది గుర్తొచ్చే పరిస్థితా.

ఉన్నన్నాళ్ళూ చెప్పకుండా నా మీదకి తోశారు. పోతూ కూడా చెప్పలేదు. నాకు ఏడుపు రావడం లేదని అందరూ అడుగుతారు కదా, ఇది కూడా ఒక కారణమేమో. లోపల ఎక్కడో ఆయన మీద చిరాకు ఉండిపోయింది. ఇంత చిన్నదానికి.

పోనీలే. పిన్ను నేనే పెట్టాను. ఆ మనిషి వచ్చి పీకేసుకుంటే పీకేసుకోనీ. నువ్వు కాలు చూసుకో.

అక్క


జూన్ 17, మంగళవారం
మంచం మీంచి

అక్కా,

పోనీలే అనకు. ఈ ఒక్క ఉత్తరం చదివి, చెప్పినట్టు చేసి, అప్పుడు పోనీలే అను.

మీ మరదలు నీ ఉత్తరం విని, ‘వదినకి తెలీకపోతే ఏం, వదిన ఫోనుకి తెలుసుగా’ అంది. హోటళ్ళకీ ఆఫీసులకీ తిరిగి తిరిగి అందరికీ ఇదే చెప్పే నాకు తట్టలేదు చూడు. నా ఫోనులో ఉందేమోనని చూశాను, పోయినేడు మార్చిన ఫోను, ఇందులో లేదు. నీ ఫోను అప్పటిదే కదా. బావ నీ ఫోనులో కూడా తనే కొట్టాడు కదా. డబ్బా మర్చిపోయినా ఫోను మర్చిపోదు.

సెట్టింగులు తెరువు. వైఫై. కిందికి వెళ్తే సేవ్ చేసిన వైఫైల వరస ఉంటుంది. అందులో ‘దిగి అడుగు’ ఉంటుంది, చూడు. దాని మీద నొక్కితే షేర్ అని వస్తుంది. నీ వేలిముద్ర అడుగుతుంది, పెట్టు. నల్లచుక్కల చదరం ఒకటి వస్తుంది. దాని కింద చిన్న అక్షరాలతో ఉన్నదే పాస్‌వర్డు. పెద్దక్షరమా చిన్నక్షరమా, మధ్యలో ఖాళీ ఉందా, చూసి ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకో.

తర్వాత పెద్దాయన పొట్ట కింద రాసున్న పేరుకి ఫోను తగిలించి, అక్కడే ఉన్న నెంబరు కొట్టి, పేరు దగ్గర పాత పేరు, పాస్‌వర్డ్ దగ్గర నువ్వు రాసుకున్నది. స్టిక్కరు చెరిగిందన్నావు, తడి గుడ్డతో నెమ్మదిగా తుడిచి, ఫోను లైటు వేసి పక్కనుంచి చూడు. నొక్కుడు అచ్చు తెలుస్తుంది.

బావ నిన్ను వేళాకోళం చేశాడని నాకనిపించడం లేదక్కా. ఎందుకో చెప్పలేను.

తమ్ముడు


జూన్ 19, గురువారం
కాటా గది

చిన్నోడా,

డబ్బా పనిచేస్తోంది. ముందు అది చెప్పేస్తే మిగతాది నెమ్మదిగా చదువుతావని. ఇప్పుడు ఫోను చెయ్యొచ్చు. ఇది మాత్రం రాయాలనిపించింది.

నిన్న మధ్యాహ్నం లారీలు పలచబడ్డాక సెట్టింగులు తెరిచాను. నువ్వు చెప్పినచోటే ఉంది. వేలు పెట్టాను. చుక్కల చదరం వచ్చింది, కింద అక్షరాలు. అన్నీ చిన్నక్షరాలే, మధ్యలో ఖాళీ లేదు. బండి నెంబరు రాసుకున్నట్టు చీటీ వెనక రాసుకున్నాను. ఎమ్, ఈ, ఈ, ఏ, కే, కే, ఏ, ఎన్, ఏ, డీ, యూ, జీ, యూ. ఇదేం ఇంగ్లీషు మాటో అర్థం కాలేదు. ఏదో కంపెనీ పేరు అయ్యుంటుందనుకున్నాను. సరిగ్గా రాశానా లేదా అని వేలు పెట్టుకుంటూ, చిన్నప్పుడు పలక మీద కూడబలుక్కున్నట్టు, పైకి చదివాను.

మీ అక్కనడుగు.

మళ్ళీ చదివాను.

ఎవరడిగినా నిజమే చెప్పారురా. నీకు నిజమే చెప్పారు, ప్రతి డ్రైవరుకీ నిజమే చెప్పారు. నాకు రోజూ చెప్తూనే ఉన్నానన్నారు, అదీ నిజమే. వినడానికి ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నదాన్ని నేను. నేనెప్పుడు కనిపెడతానో అని ఎదురు చూసి ఉంటారు. అన్నేళ్ళు నవ్వు ఆపుకున్నారు. ఇంత ఓపిక ఇంకెందులోనూ చూపించలేదు ఆ మనిషి.

ముందు తిట్టాను, పైకే. తర్వాత ఆయన కుర్చీలోంచి చీటీల కట్టలు తీసి కింద పెట్టి అందులో కూర్చున్నాను. ఏడ్చాను. చాలాసేపేం కాదు, లారీ వచ్చింది. కళ్ళు తుడుచుకుంటే డ్రైవరు ఏంటక్కా అన్నాడు. దుమ్మన్నాను. వాడు తన కిటికీ అద్దం ఎక్కించుకున్నాడు.

సాయంత్రం తడి గుడ్డతో స్టిక్కరు తుడిచాను. నేను ఏడు అనుకున్న అంకె నిజానికి ఒకటి. సెట్టింగులు తెరుచుకున్నాయి. పేరు నేనే కొట్టాను, ఆయనలాగే వేలితో. పాస్‌వర్డ్ కొట్టాను. లైటు ఎరుపు పోయి పచ్చగా వచ్చింది. ముందు ప్రింటరు గుర్రుమంది. తర్వాత కెమెరాలు. నా ఫోను ఎవరూ చెప్పకుండానే తగులుకుంది. పేరు వరసలో మొదట ఉంది.

ఇది ఆయన కొట్టిన పేరు కాదు, నేను కొట్టింది, తెలుసు. చూస్తే తేడా తెలీడం లేదు. మేనేజరు మనిషి రేపు వస్తాడు. రానీ. టీ ఇచ్చి పంపిస్తాను.

మరదలికి చెప్పు, ‘వదిన ఫోనుకి తెలుసుగా’ అన్న మాట నేను మర్చిపోనని. గరిటె ఇచ్చెయ్యమన్నానని కూడా చెప్పు.

పొద్దున ఒక కొత్త డ్రైవరు, నేనెప్పుడూ చూడనివాడు, బండి కాటా మీద ఆపి దిగొచ్చాడు. ‘అక్కా, వైఫై పాస్‌వర్డేంటి?’ అన్నాడు.

‘మీ అక్కనడుగు’ అన్నాను.

‘నువ్వే కదక్కా’ అన్నాడు.

‘అవును, నేనే’ అన్నాను. వాడు ఫోను పట్టుకుని నా ముఖం వంక చూస్తూ నిలబడ్డాడు. పాపం చాలాసేపు నిలబెట్టాను. వాడి వెనక ఇంకో లారీ వచ్చింది. ఏంటక్కా ఆలస్యం, పాస్‌వర్డా, నాక్కూడా చెప్పు అని కిటికీలోంచి తల పెట్టి అరిచాడు వాడు.

దిగి అడుగు అన్నాను.

మీ అక్క